అరవై రెండు మీటర్లు, భయం అర మీటరు

చక్రం బురదలో ఒట్టిగా తిరిగేటప్పుడు మోటారు గొంతు మారిపోతుంది. కింద పట్టు ఉన్నంతసేపూ గుర్రుమంటూ బరువుగా మోగేది కాస్తా, పట్టు తప్పగానే సన్నబడి కీచుమంటుంది. మొన్న గోస్పాడు దగ్గర ఒక కాలువ కింది పైపులోకి మా రోబోను వదిలి, పైపు మూతి దగ్గర గొడుగు వేసుకుని కూర్చున్నప్పుడు లోపలి నుంచి ఆ కీచు వినిపించింది. నాలుగైదు సెకన్లే. చుట్టూ ఉన్నవాళ్లెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం అప్పుడే అందుకున్న టీ గ్లాసు తాగకుండానే గట్టు మీద పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా ఆ చప్పుడు వింటే నా చేతిలో పని ఆగిపోతుంది. ఒకప్పుడు ఇదే చప్పుడు విని, విననట్టు ఊరుకున్నదాన్ని నేను. ఆ రోజు రమీజా మేడం జ్వరంతో బస్సెక్కి రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు.

రమీజా మేడం నంద్యాలలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, నూనెపల్లెలో రైలు పట్టాలకు దగ్గరగా ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్న మనిషి. మనుషులు దూరడం కష్టమైన పైపుల్లోకి, తూముల్లోకి చిన్న చక్రాల రోబోను పంపి, లోపల ఎక్కడ పగిలిందో, ఎక్కడ పూడిందో చెప్పడం ఆ షెడ్డు పని. సిబ్బంది మొత్తం ఇద్దరం: ఆమె, నేను. నాది ఆళ్లగడ్డ. మా నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. ఉలి చప్పుడులో పుట్టి పెరిగిన నేను డిప్లొమా చేతబట్టుకుని ఆ షెడ్డుకు వెళ్లిన రోజు, మేడం రోడ్డుకు అవతల నిలబడి దాటలేక దాటలేక చూస్తున్నారు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని దాటించాను. తర్వాత తెలిసింది, నా కాబోయే బాసు ఆమేనని. ఆమెకు అన్నీ భయాలే. లిఫ్టంటే భయం. పెద్ద బస్సంటే భయం. గ్యాసు కట్టేశానా లేదా అని షెడ్డు దాకా వచ్చి మళ్లీ ఇంటికి పోయి చూసొచ్చేవారు. చేతిలో ఒక రుమాలు ఉండేది, దాన్ని ఎప్పుడూ పిండుతూ ఉండేవారు. వీధిలో ఆమెకు 'భయం మేడం' అని పేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "అననీలే, ఉన్నమాటే గదా" అనేవారు.

షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఏ కొలత చెప్పినా దాని పక్కన దాని భయం కూడా చెప్పాలి. రోబో ఎంత దూరం పోయింది? నలభై రెండు మీటర్లు. భయమెంత? మీటరున్నర. అంటే నలభై రెండుకు ఇవతల మీటరున్నర, అవతల మీటరున్నర, ఆ మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చని. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది, పెద్ద పేరు. మేడం మాత్రం భయం అనే రాసేవారు, రిపోర్టుల్లో కూడా. భయం రాయని అంకెను ఆమె చూసేవారే కాదు. ఒకసారి టీ కొట్టుకు నన్ను పంపి ఎంతసేపట్లో వస్తావని అడిగితే, పది నిమిషాలన్నాను. "భయం?" అన్నారు, తల ఎత్తకుండానే. రెండు నిమిషాలు మేడం, అని చెప్పి గాని బయటికి కదల్లేదు నేను.

ఆ భయం ఎందుకో నాకు తెలియజెప్పింది రోబోనే. దాని లోపల అగ్గిపెట్టెంత సెన్సరు ఉంటుంది. ఎంత కుదుపు, ఎటు వంపు అని సెకనుకు వంద సార్లు చెబుతుంది. చెప్పేదాంట్లో సగం గోల. ఆ గోలను వడగట్టి అసలు కదలికను బయటికి తియ్యడమే నా ఉద్యోగం. చేరిన కొత్తలో ఒకరోజు, ఆ సెన్సరు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చూద్దామని రోబోను బల్ల మీద ఆన్ చేసి పెట్టి, ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. మధ్యలో గూడ్సు బండి ఒకటి పోయింది, షెడ్డంతా వణికింది. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే, అంగుళమైనా కదలని రోబో, లెక్క ప్రకారం ఎక్కడో ఉన్న ఆత్మకూరు దాటిపోయి ఉంది. ప్రతి చిన్న తప్పునూ ముందరి తప్పు మీద పేర్చుకుంటూ అంత దూరం పోయింది. నేను పడీ పడీ నవ్వాను. మేడం నవ్వలేదు.

"నవ్వుతాండావు గానీ దేవీ, ఈడ బల్ల కనపడతాంది కాబట్టి అది అబద్ధమని తెలిసింది. పైపు లోపల బల్ల కనపడదు గదా. ఆడ ఇట్లనే చెప్తే మనకెట్ల తెలుస్తాది?" అన్నారు. రుమాలు పిండుతున్నారు.

నా నవ్వు ఆగిపోయింది. ఆ మరుసటి రోజే ఆమె తన చున్నీతో నా కళ్లకు గంతలు కట్టి, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టారు. అక్కడ ఒక విరిగిన గేటు, దానికొక రాతి స్తంభం.

"ఎడమ చెయ్యి చాపుకోని నడువు. అడుగులు లెక్కపెట్టు. ఇరవై అడుగులకు స్తంభం తగల్తాది."

లెక్కపెట్టాను. ఇరవై అయ్యాయి. చేతికి గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఇంకో అడుగు వేశాను. "దాటిపోయినట్టుండాను మేడం."

"దాటినావా? చెయ్యి చాపుకోనే నడిచినావు గదే. దాటేటప్పుడు తగలద్దా?"

"నేను చూసుకోలేదేమో."

ఆమె వచ్చి గంతలు విప్పారు. స్తంభం నాకు ఇంకా నాలుగు అడుగుల ముందు ఉంది. కళ్లు మూసుకుంటే అడుగులు మనకు తెలియకుండానే కురచబడతాయట. లెక్కేమో పెద్దగానే ఉంటుంది. "బాగా గుర్తు పెట్టుకో. స్తంభం తగల్లేదంటే నువ్వింకా ఆడికి రాలేదని. దాటిపోయినానని ఎప్పుడూ అనుకోవద్దు" అన్నారు. గోలను వడగట్టే మా ఫిల్టరు ప్రోగ్రాం చేసేదీ అదే. చక్రాలు ఎన్ని తిరిగాయన్నది అడుగుల లెక్క. సెన్సరు చెప్పే కుదుపు మరో సాక్ష్యం. దారిలో తెలిసిన గుర్తేదైనా కనిపిస్తే అది స్తంభం. ఎవరి మాట ఎంత నమ్మాలో ముందు మనం చెబితే, అది అందరి మాటలూ కలిపి ఒక దూరం చెబుతుంది, దాని భయమూ చెబుతుంది. చక్రాలనే నమ్మమంటే చక్రాలనే నమ్ముతుంది, పాపం, దానికేం తెలుసు. ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెబితే మా నాయన ఉలి పక్కన పెట్టి విన్నాడు. "మేమూ అంతే గదమ్మా. గీత మీద ఉలి పెడతామా ఏంది? గీతకు ఇవతల వేలెడు రాయి వదిలి కొడతాం. రాయి ఎప్పుడు ఎగిరిపోతాదో ఎవునికి తెలుసు" అన్నాడు. ఇంత మంది చెప్పినా నాకు తలకెక్కలేదు. అదే నా ఖర్మ.

ఆళ్లగడ్డకు దగ్గరలో, రోడ్డు వెంబడి భూమి కింద పొలాలకు నీళ్లు పోయే పాత కాంక్రీటు పైపు ఒకటి ఉంది. మనిషి నడుం వంచితే నడవగలిగినంత ఎత్తు. దాని కప్పు లోపల ఎక్కడో పగిలి మన్ను పడుతోంది. నీళ్లు వదిలే లోపల ఆ పగులు కింద ఇనుప జాకీలు పెట్టి కప్పును నిలబెట్టాలి. పైపు మూతికి సరిగ్గా అరవై మీటర్ల దూరంలో పైనుంచి దిగే మ్యాన్‌హోల్ ఉంది గానీ, జాకీలు అందులో పట్టవు. మూతి గుండానే మోసుకుపోవాలి. పగులు మ్యాన్‌హోల్‌కు అవతల ఉంటే, మనిషి అరవై మీటర్లూ నిశ్చింతగా నడిచిపోయి, మ్యాన్‌హోల్ వెలుతురులో నిలబడి పని మొదలుపెట్టవచ్చు. ఇవతల ఉంటే ఆ పగులు కిందనే, తెలియక, జాకీ భుజాన వేసుకుని నడుస్తాడు. మేం చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కే, ఇవతలా అవతలా అని. మోసుకుపోయే మనిషి మద్దిలేటి. బయట అతని తాడు పట్టుకునేది అతని భార్య నాగమ్మ. ఒక కొస అతని నడుముకు, ఇంకో కొస ఆమె చేతికి. రెండు మీటర్లకొక ముడి. మూడు సార్లు గుంజితే వెనక్కి రమ్మని. ఆ తాడు ఆమె ఇంకొకరి చేతికి ఇవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. మా రోబోకు మాత్రం తాడు కట్టేవాళ్లం కాదు, చక్రాలకు చుట్టుకునేది.

కాంట్రాక్టరు తరఫున వచ్చిన ఇంజినీరు మా పాత రిపోర్టులు చూసి పగలబడి నవ్వాడు. "భయమేందమ్మా? మీ మిషన్‌కు దయ్యం పట్టిందా? మేం డబ్బులిచ్చేది భయానికా?" చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. మేడం రుమాలు పిండుకుంటూ తల దించుకున్నారు. నాకు మాత్రం మా ఊళ్లో, మా నాయన పేరు తెలిసినవాళ్ల ముందు, తలకొట్టేసినట్టయింది. వీళ్ల నోరు మూయించే అంకె ఒకటి తెస్తాను చూడు, అని లోపల అనుకున్నాను.

అనుకున్నట్టే అవకాశం దొరికింది. రోబోను పంపాల్సిన రోజు మేడంకు జ్వరం వచ్చి, మొదటిసారి నన్ను ఒంటరిగా పంపారు. రోబో లోపలికి పోతుండగా ఇంజినీరు నా పక్కన నిలబడి, వాళ్లింటికి ఒక విగ్రహం కావాలని, మా నాయన ఎంతలో చేసిస్తాడని అడుగుతున్నాడు. అప్పుడే లోపలి నుంచి కీచుమన్నది. పది పన్నెండు సెకన్లు. విన్నాను. నిజంగా విన్నాను. విగ్రహం ఎత్తు గురించి మాట్లాడుతూనే ఉన్నాను. రోబో ఊడిపడిన పెచ్చు ఒకటి అడ్డం వచ్చేదాకా పోయి, పైన పగులును మసకగా ఫొటో తీసి, వెనక్కి వచ్చింది. మా ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుంటే, ఒకచోట చక్రాలు ముందుకు పోయామంటున్నాయి, సెన్సరు కదలకుండా ఒట్టిగా వణికామంటోంది. భయం నాలుగు మీటర్లు చూపిస్తోంది. నాలుగు మీటర్లని పట్టుకుపోతే ఆయన మళ్లీ నవ్వుతాడు. సెన్సరు సంగతి తెలిసిందే కదా, బల్ల మీద కూర్చునే ఆత్మకూరు పోయింది, దాని మాటేమిటి అనుకున్నాను. చక్రాలనే నమ్మమని ఫిల్టరుకు చెప్పాను. గీత నూనె పెట్టి దువ్విన జుట్టులా నున్నగా వచ్చింది. భయం అర మీటరుకు పడిపోయింది. 'పగులు అరవై రెండు మీటర్లు, భయం అర మీటరు' అని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే, "ఇదీ రిపోర్టంటే" అన్నాడు ఇంజినీరు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. నాకు అన్నిటికంటే భయం వేసేది అది తలుచుకుంటేనే.

పొద్దున్నే మేడంకు ఫోను చేశాను. "అరవై రెండు మేడం. మ్యాన్‌హోల్‌కు అవతల."

"భయమెంత?"

"అర మీటరు."

ఫోను పెట్టేశారు. జ్వరంతో నీరసంగా ఉన్నారేమో అనుకుని, ఫోను సంచిలో పడేసి పైపు దగ్గరికి పోయాను. గంటన్నర తర్వాత పైపు దగ్గర ఆటో ఆగి, అందులోంచి దుప్పటి కప్పుకుని ఆమె దిగారు. పెద్ద బస్సంటే వణికే మనిషి నంద్యాల నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చారు.

"బస్సులోంచి ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తవు. బురద పైపులో అరవై మీటర్లకు అర మీటరు భయం నా జన్మలో చూడలేదు. దారిలో మ్యాన్‌హోల్ కనపడిందా కెమెరాలో?" అన్నారు, నమస్కారాలూ పలకరింపులూ లేకుండా.

"లేదు మేడం. కెమెరాకు బురద పడింది. దాటేటప్పుడు కనపడలేదేమో అనుకున్నా."

నా నోట్లోంచి ఆ మాట వస్తుండగానే నాకు రాతి స్తంభం గుర్తొచ్చింది. మేడం పైపు మూతి వైపు తిరిగారు. "మనిషి లోపలికి పోయినాడా?"

పోయాడు. భుజాన జాకీ వేసుకుని పోయి అప్పటికే కాసేపయింది. నాగమ్మ పైపు మూతి దగ్గర గొంతుక్కూర్చుని తాడు వదులుతోంది.

"నాగమ్మా, ఎన్ని ముడులు పోయినాయి?"

"ఇరవై ఏడు పోయినాయమ్మా."

యాభై నాలుగు మీటర్లు. నేను "మద్దిలేటన్నా!" అని అరవబోతే మేడం నా నోరు మూసేశారు. "అరవద్దు. ఉలిక్కిపడి లేచినాడంటే ఇనుము కప్పుకు తగల్తాది. గమ్మునుండు." నాగమ్మ వైపు తిరిగారు. "గుంజు తల్లీ. మెల్లగ గుంజు." నాగమ్మ ఏమిటని అడగలేదు. మూడు సార్లు గుంజింది. తాడు బిగుసుకుంది గానీ అటునుంచి బదులు రాలేదు. మళ్లీ గుంజింది. ఇరవై ఎనిమిదో ముడి ఆమె వేళ్ల మధ్య నుంచి లోపలికి జారిపోయింది. మేడం పెదవులు కదులుతున్నాయి, ఏ దువా చదువుతున్నారో. నేను ఆ చీకటి మూతిలోకి చూస్తూ, ఆ మనిషి బయటికి వస్తే చాలు, ఇంకేమీ వద్దు అనుకుంటున్నాను. నాగమ్మ మూడోసారి గుంజింది. ఈసారి తాడు ఒక్కసారి వెనక్కి గుంజుకుంది, ఏందీ అని అడిగినట్టు. తర్వాత వదులైంది. ముడులు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలుపెట్టాయి. ఇరవై ఎనిమిదీ వచ్చేదాకా నాగమ్మ తాడు చుట్టుకుంటూనే ఉంది.

మద్దిలేటి ఒళ్లంతా బురదతో బయటికి వచ్చి జాకీ కింద పడేశాడు. "ఏందమ్మా ఇది? ఇంకో నాలుగడుగులేస్తే ఆడికి చేరుకుంటాంటి గదా. ముందర మన్ను రాల్తాంటే, సరే పడకముందే బిన్నా పోయి నిలబెడదామని పోతాండా."

ఇంజినీరు గడియారం చూపించి మేడం మీద కేకలేశాడు. ఆమె నేల మీద చతికిలబడి నా లాప్‌టాప్ తెరిచి, వడగట్టని అసలు లెక్క చూశారు. ఆ పన్నెండు సెకన్ల వణుకు మీద వేలు పెట్టి, నా వైపు ఒకసారి చూశారు. తర్వాత ఇంజినీరు చేతిలోని కాగితం తీసుకుని 'అర' కొట్టేసి 'నాలుగు' అని రాశారు. "అరవై రెండులో నాలుగు పోతే యాభై ఎనిమిది. ఆడ పైనుంచి తవ్వించప్పా" అన్నారు.

"తవ్వకపోతే?"

"తవ్వకపోతే ఆ జాకీ నువ్వెత్తుకోని పో లోపలికి."

ఆ గొంతు ఆమెదేనా అని నేను తల తిప్పి చూశాను. ఇంజినీరు నోరు మూసుకుని జేసీబీని పిలిపించాడు. పైన టేపు పట్టి గుర్తు పెట్టిన చోట బకెట్టు రెండోసారి మన్ను ఎత్తిందో లేదో, కింద ధబేలుమంది. పైపు మూతిలోంచి గాలి, దుమ్ము ఒక్కసారిగా బయటికి కొట్టాయి. మంచమంత కాంక్రీటు ముక్క లోపల పడి ఉంది. మద్దిలేటి వెళ్లి గుంతలోకి తొంగి చూసి వచ్చి, నాగమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె అతని నడుముకు తాడు ఇంకా విప్పలేదు.

తిరుగు బస్సులో మేడం కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. వణుకు జ్వరానిదో భయానిదో తెలియలేదు. చాలా దూరం వచ్చాక అన్నారు. "నీ భయం యాడ పెట్టినావు దేవీ?"

"ఆయప్ప నవ్వినాడు మేడం." ఏడుపు ఆగలేదు నాకు.

"నవ్వుతారు. నన్నూ నవ్వినారు. నేనూ ఒకసారి దాచిపెట్టినా..." అని ఆగిపోయారు. రుమాలు ముడి వేశారు, విప్పారు. ఆ తర్వాతి మాట ఆమె ఎప్పటికీ చెప్పలేదు, నేను అడగలేదు. నన్ను పనిలోంచి తీసెయ్యండి మేడం అన్నాను. "తీసేస్తే? ఇంత భయపడినదాన్ని మల్లా యాడ తెచ్చుకునేది నేను" అన్నారు.

రెండేళ్ల కిందట ఆమెకు జబ్బు చేసింది. చూడ్డానికి వెళితే మంచం మీద మరీ చిన్నగా కనిపించారు. "ఆర్నెల్లన్నాడు డాక్టరు. భయమెంత అని అడిగితే నవ్వినాడు" అన్నారు. ఇద్దరం నవ్వాం. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "నాకు భయమైతాంది దేవీ" అన్నారు.

"ఎంత మేడం?"

"శానా."

అంకె లేకుండా ఆమె భయం చెప్పడం అదొక్కసారే విన్నాను. నాలుగో నెలలో పోయారు. ఆమె కొట్టేసి రాసిన ఆ కాగితం నా సంచిలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే వెనక టేపు అంటించాను. దాని మీద నా సంతకమూ ఉంది, పనికొచ్చిన ఆమె అంకె కూడా ఉంది.

మొన్న గోస్పాడులో రోబో బయటికి వచ్చాక లెక్క చూశాను. పూడిక తొంభై ఆరు మీటర్ల దగ్గర, దాని పైన కప్పు వదులు. నాగమ్మ తాడు చుట్ట పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. ఆమెకు జుట్టు నెరిసింది. ఎంత దూరమని ఎప్పుడూ ముందు అడగదు.

"భయమెంత పాపా?"

"ఏడు మీటర్లక్కా."

"అంతనా?"

"అంతే."

అప్పుడు దూరం అడిగి, అందులో ఏడు తీసేసి, ఆమె నేల మీద కూర్చుని ముడులు లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది మీటర్ల దగ్గరి నలభై నాలుగో ముడికి కొంగు చివర చింపి ఎర్ర గుడ్డ కట్టింది. "ఈ గుడ్డ నా చేతికొస్తే గుంజేస్తా, ఇంగ ఎవురు చెప్పినా వినను" అంది మద్దిలేటితో. అతను నడుముకు తాడు కట్టుకుని, జాకీ భుజాన వేసుకుని లోపలికి వంగాడు. నేను ఆమె పక్కన కూర్చుని, ఒక్కొక్క ముడీ లోపలికి పోతుంటే పైకే లెక్కపెట్టాను. నా గొంతు వణుకుతోందని నాకే తెలుస్తోంది, దాచలేదు. అతను బయటికి వచ్చి నడుము తాడు విప్పేశాక, గట్టు మీద చల్లారిపోయిన టీ తెచ్చుకుని తాగాను.